తిలక్‌కు బెయిల్ ఇచ్చిన జస్టిస్ బద్రుద్దీన్ త్యాబ్జీ

బద్రుద్దీన్ త్యాబ్జీ పేరు మన పిల్లలు బడి పుస్తకాల్లో ఒకే ఒక్క వాక్యంలో చదువుతారు. భారత జాతీయ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించిన తొలి ముస్లిం అని. పరీక్షలో ఒక మార్కు వస్తుంది, అక్కడితో ఆ పేరు మరచిపోతారు. కానీ ఆయన జడ్జిగా కూర్చుని 1897 ఆగస్టులో ఇచ్చిన ఒక బెయిల్ ఉత్తర్వు గురించి తెలిసినవాళ్లు తక్కువ. రాజద్రోహం కేసులో జైల్లో ఉన్న బాల గంగాధర తిలక్‌ను, అంతకుముందు రెండు చోట్ల కాదన్న తర్వాత, బయటకు పంపిన ఉత్తర్వు అది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు మన ఇండ్లల్లో ఎవరినైనా పోలీసులు తీసుకుపోయారంటే మొదటి రోజు అందరి నోటా వచ్చే ప్రశ్నలు మూడే. వకీలు ఎవరు? బెయిల్ ఎప్పుడు వస్తది? జమానత్ ఎవరు పడతారు? ఈ మూడు ప్రశ్నలూ తిలక్ అంతటి పెద్ద మనిషికీ వచ్చాయి. వాటికి జవాబు చెప్పిన జడ్జి జీవితం తెలుసుకుంటే బెయిల్ అంటే ఏమిటో కూడా తెలుస్తుంది.

ఖంబాత్ నుంచి బొంబాయికి

బద్రుద్దీన్ 1844 అక్టోబర్ 10న బొంబాయిలో పుట్టారు. తండ్రి ముల్లా తయ్యబ్ అలీ. వాళ్లది గుజరాత్‌లోని ఖంబాత్ నుంచి వచ్చిన సులేమానీ బోహ్రా ఖాందాన్, వృత్తి వ్యాపారం. తయ్యబ్ అలీ పాతకాలం మనిషే అయినా కొడుకుల చదువు విషయంలో చాలా ముందుచూపు ఉన్నవాడు. ఇంగ్లిష్ చదువంటే మన పెద్దలు చాలామంది అనుమానంగా చూసిన రోజుల్లోనే ఆయన కొడుకులను సముద్రం దాటించి ఇంగ్లండ్ పంపారు. అందులో కమ్రుద్దీన్ అక్కడ సొలిసిటర్‌గా అర్హత పొందిన తొలి భారతీయుడు అయ్యారు.

బద్రుద్దీన్ మొదట మదర్సాలో ఉర్దూ, ఫార్సీ నేర్చుకున్నారు. తర్వాత ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో చేరారు. చిన్నప్పటి నుంచీ కళ్ల జబ్బు ఆయన్ను వదల్లేదు. వైద్యం కోసం ఫ్రాన్స్ వెళ్లి, అక్కడి నుంచి 1860లో ఇంగ్లండ్ చేరి చదువు మొదలుపెట్టారు. కళ్లు మళ్లీ ఇబ్బంది పెట్టడంతో మధ్యలో చదువు ఆపి బొంబాయికి తిరిగి రావాల్సి వచ్చింది. ఇక చాలనుకోలేదు. మళ్లీ ఓడ ఎక్కారు. 1867లో మిడిల్ టెంపుల్ నుంచి బారిస్టర్ పట్టా తీసుకున్నారు.

అదే ఏడాది చివర్లో బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. అప్పటిదాకా అక్కడి బారిస్టర్లందరూ ఇంగ్లిష్ వాళ్లే. బద్రుద్దీన్ మొదటి భారతీయ బారిస్టర్. వయసు 23. అన్న కమ్రుద్దీన్ సొలిసిటర్ కావడం కొంత ఆసరా అయింది గానీ, ఇంగ్లిష్ జడ్జిల ముందు, ఇంగ్లిష్ వకీళ్ల పక్కన నిలబడి పేరు తెచ్చుకోవడం సొంత కష్టంతోనే జరిగింది. సాక్షిని ప్రశ్నించడంలో, ఆవేశపడకుండా వాదించడంలో ఆయనకు మంచి పేరుండేది.

కౌమ్ కోసం బడి

డబ్బు, పేరు వచ్చాక ఆయన మొదట చూసింది తాలీమ్ వైపు. 1874లో అన్న కమ్రుద్దీన్, మరికొందరు పెద్దలతో కలిసి అంజుమన్-ఎ-ఇస్లాం స్థాపించారు. 1880లో ఆ సంస్థ బడి తెరిచింది. బొంబాయిలో పెద్ద రైల్వే స్టేషన్, పాత పేరు విక్టోరియా టెర్మినస్, దాని ఎదురుగానే ఇప్పటికీ అంజుమన్ భవనం కనిపిస్తుంది. పాలమూరు నుంచి మేస్త్రీ పనికి, మట్టి పనికి బొంబాయి పోయి ఆ స్టేషన్లో దిగిన మనోళ్లు ఎందరో దాన్ని చూసే ఉంటారు.

ఆడపిల్లల చదువు మీద ఆయన మాటలతో సరిపెట్టలేదు. తన కూతుళ్లను బడికి పంపారు. 1904లో ఇద్దరు కూతుళ్లను చదువుకు ఇంగ్లండ్ పంపారు. ఘోషా పట్టింపు విడవాలని బహిరంగంగా వాదించారు. దీనిపై విమర్శలు వచ్చినా వెనక్కి తగ్గలేదు. ఆ ఇంటి చదువు మన హైదరాబాద్ దాకా వచ్చింది. ఆయన అన్న నజ్ముద్దీన్ కూతురు అమీనా, హైదరాబాద్ రాజ్యంలో తర్వాత ప్రధానమంత్రి అయిన సర్ అక్బర్ హైదరీ భార్య. 1908 మూసీ వరదల్లో బాధితుల కోసం ఆమె చేసిన సేవ హైదరాబాద్ చరిత్రలో నిలిచిపోయింది.

కాంగ్రెస్ అధ్యక్ష పీఠం

1883లో ఇల్బర్ట్ బిల్లు గొడవ నడిచింది. జిల్లాల్లో భారతీయ జడ్జిలు కూడా యూరోపియన్లపై క్రిమినల్ కేసులు విచారించవచ్చని ఆ బిల్లు. తెల్లవాళ్లు మండిపడ్డారు. చట్టం ముందు రంగు చూడకూడదని బొంబాయి సభలో గట్టిగా మాట్లాడినవారిలో బద్రుద్దీన్ ఒకరు. ఫిరోజ్‌షా మెహతా, కాశీనాథ్ త్ర్యంబక్ తెలంగ్, ఈయన ముగ్గురూ కలిసి 1885లో బొంబాయి ప్రెసిడెన్సీ అసోసియేషన్ పెట్టారు. ఒక పార్సీ, ఒక హిందువు, ఒక ముస్లిం.

1887 డిసెంబర్‌లో మద్రాసులో కాంగ్రెస్ మూడో మహాసభ జరిగింది. దానికి అధ్యక్షుడు బద్రుద్దీన్ త్యాబ్జీ. ముస్లింలు కాంగ్రెస్‌కు దూరంగా ఉండాలని సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గట్టిగా చెబుతున్న కాలం అది. ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. సర్ సయ్యద్ మీద గౌరవం ఉంచుకుంటూనే బద్రుద్దీన్ తన దారి తాను పట్టారు. ముస్లిం ప్రతినిధులో, హిందూ ప్రతినిధులో మూకుమ్మడిగా అభ్యంతరం చెప్పిన విషయాన్ని కాంగ్రెస్ చర్చకు తీసుకోకూడదన్న నియమం ఆయన సూచనతోనే వచ్చింది.

1895లో బొంబాయి హైకోర్టు జడ్జి అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ముస్లిం ఆయనే. రెండేళ్లకు తిలక్ కేసు వచ్చింది.

1897 ఆగస్టు 4

ఆ ఏడాది పుణెలో ప్లేగు. ప్లేగు అధికారి రాండ్ సిపాయిలతో ఇండ్లు సోదా చేయించిన తీరు మీద జనం రగిలిపోయి ఉన్నారు. జూన్ 22 రాత్రి రాండ్‌ను, మరో ఇంగ్లిష్ అధికారి అయర్‌స్ట్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. హత్యకు వారం ముందు కేసరి పత్రికలో వచ్చిన రాతలు ప్రభుత్వంపై ద్వేషం రేపేవని చెప్పి, పత్రిక నడిపే తిలక్‌ను జూలై 27 రాత్రి బొంబాయిలో అరెస్టు చేశారు. సెక్షన్ 124-ఎ, రాజద్రోహం.

మేజిస్ట్రేట్‌ను బెయిల్ అడిగారు, ఇవ్వలేదు. హైకోర్టుకు పోయారు. జస్టిస్ పార్సన్స్, జస్టిస్ రానడే కూర్చున్న బెంచి కూడా ఆ దశలో కాదంది. కేసు సెషన్స్‌కు వెళ్లాక తిలక్ తరఫున బారిస్టర్ దావర్ మళ్లీ అర్జీ పెట్టారు. ఆగస్టు 4న అది జస్టిస్ త్యాబ్జీ ముందుకు వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. తిలక్ రాజకీయం వేరు, త్యాబ్జీ రాజకీయం వేరు. త్యాబ్జీది మితవాదుల దారి. 1893 బొంబాయి అల్లర్ల తర్వాత తిలక్ మీద ముస్లింలలో చాలామందికి అసంతృప్తి ఉండేది. పైగా ఇంగ్లిష్ అధికారుల హత్య జరిగి నెలన్నర కూడా కాలేదు. ఇంగ్లిష్ పత్రికలు తిలక్ మీద నిప్పులు చెరుగుతున్నాయి. బెయిల్ కాదనడానికి జడ్జికి ఏ కష్టమూ లేదు. పైన ఇద్దరు తోటి జడ్జిలు ఆ పని చేసే ఉన్నారు.

త్యాబ్జీ మాత్రం ఈ మనిషి మంచోడా చెడ్డోడా అన్న విచారణలోకి పోలేదు. కేసు నిలుస్తుందా లేదా అన్నదీ తేల్చలేదు. ఆయన చూసినవి ఇవి. విచారణ రోజు ఈ మనిషి కోర్టుకు వస్తాడా, పారిపోతాడా? విచారణకు ఇంకా నెల ఉంది, ఆ నెల జైల్లో ఉంటే తన వకీళ్లతో మాట్లాడి కేసు తయారు చేసుకోగలడా? రేపు నిర్దోషి అని తేలితే, ఈ నెల జైలుకు ఎవరు జవాబు చెప్తారు? ఈ మూడూ తూచి, బెయిల్ ఇవ్వడమే న్యాయమని తేల్చారు. తిలక్ సొంతంగా 50,000 రూపాయల ముచ్చలికా రాయాలి, ఒక్కొక్కరు 25,000 చొప్పున ఇద్దరు జామీన్‌దార్లు నిలబడాలి. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. ప్రభుత్వం కోపానికి భయపడకుండా ద్వారకాదాస్ ధరమ్సీ అనే బొంబాయి వ్యాపారి జామీను పడ్డారు.

బయటకు వచ్చిన తిలక్ ఆ నెల రోజులూ కేసు తయారీకి వాడుకున్నారు. బెంగాల్ నుంచి చందాలు వచ్చాయి. కలకత్తా నుంచి బారిస్టర్లు వచ్చారు. ఉత్తర్వులో త్యాబ్జీ ఏం ఆలోచించారో అదే జరిగింది. తిలక్ ఎక్కడికీ పోలేదు, చెప్పిన రోజు కోర్టులో హాజరయ్యారు.

సెప్టెంబర్‌లో జస్టిస్ స్ట్రాచీ ముందు విచారణ నడిచింది. జూరీలో ఆరుగురు యూరోపియన్లు, ముగ్గురు భారతీయులు. ఆరుగురు దోషి అన్నారు, ముగ్గురు కాదన్నారు. పద్దెనిమిది నెలల కఠిన శిక్ష పడింది. బెయిల్ వచ్చినంత మాత్రాన కేసు గెలిచినట్టు కాదు, బెయిల్ రానంత మాత్రాన తప్పు చేసినట్టూ కాదు. ఊర్లో చాలామందికి ఈ తేడా తెలియక, జైలుకు పోయినవాడి ఇంటి మీద అప్పుడే దొంగ ముద్ర వేస్తారు.

పదకొండేళ్ల తర్వాత 1908లో తిలక్ మీద మళ్లీ రాజద్రోహం కేసు పడింది. ఈసారి బెయిల్ అర్జీ వాదించింది మహమ్మద్ అలీ జిన్నా. జడ్జి కుర్చీలో ఉన్నది, 1897లో తిలక్ తరఫున బెయిల్ అడిగిన దావర్ గారే. ఆయన బెయిల్ ఇవ్వలేదు. ఆరేళ్ల శిక్ష వేసి తిలక్‌ను మాండలే పంపారు. వకీలుగా ఉన్నప్పుడు అడిగినదాన్ని జడ్జిగా ఇవ్వడం అంత సులువు కాదని ఈ రెండు కేసులూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

బద్రుద్దీన్ అప్పటికి లేరు. 1902లో ఆయన కొంతకాలం తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. 1903లో బొంబాయిలో జరిగిన మహమ్మదన్ విద్యా సదస్సుకు అధ్యక్షత వహించారు. 1906 ఆగస్టు 19న లండన్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. చివరిదాకా అంజుమన్ అధ్యక్షుడిగానే ఉన్నారు.

మన జిల్లాల్లో ఇవాళ

త్యాబ్జీ బెయిల్ ఇచ్చిన నాటికి గద్వాల, వనపర్తి నిజాం కింద సంస్థానాలు. తర్వాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబర్‌లో జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాలయ్యాయి. 2022 జూన్ నుంచి మూడింటికీ సొంత జిల్లా కోర్టులున్నాయి. పాలమూరు దాకా పోవాల్సిన పని తగ్గింది. చట్టం పేరు కూడా మారింది. 2024 జూలై 1 నుంచి అరెస్టు, బెయిల్ అన్నీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నడుస్తాయి. కానీ అప్పుడు త్యాబ్జీ చూసినవే ఇప్పటి జడ్జి కూడా చూస్తారు. పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా, విచారణకు వస్తాడా అని. నేరం ఎంత పెద్దదన్నదీ లెక్కలోకి వస్తుంది.

ఇంట్లో ఒకరిని పోలీసులు తీసుకుపోతే ముందు ఏ స్టేషన్, ఏ కేసు, ఏ సెక్షన్ అన్నది కనుక్కోవాలి. ఎందుకు పట్టుకున్నారో ఆ మనిషికి చెప్పాలి, ఇంటివాళ్లకో స్నేహితులకో తెలపాలి. ఇది పోలీసుల బాధ్యత. ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ప్రశ్నించే సమయంలో వకీలును కలిసే హక్కు ఉంది, కాకపోతే వకీలు మొత్తం సేపు పక్కన కూర్చోలేరు. దెబ్బలు తగిలి ఉంటే మేజిస్ట్రేట్‌కు అక్కడే చెప్పాలి. ఏడేళ్ల లోపు శిక్ష పడే చాలా కేసుల్లో అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పిలవవచ్చు. అట్లాంటి నోటీసు వస్తే దాక్కోకుండా వకీలుతో మాట్లాడి హాజరు కావాలి.

బెయిలబుల్ కేసు అయితే బెయిల్ హక్కు. స్టేషన్లోనే ఇవ్వాలి. జామీను దొరకని పేదవాడికి వారం దాటితే సొంత ముచ్చలికా మీదే వదలాలని చట్టం చెబుతుంది. నాన్ బెయిలబుల్ అంటే బెయిల్ రాదని కాదు, కోర్టు నిర్ణయిస్తుందని అర్థం. మేజిస్ట్రేట్ కాదంటే సెషన్స్, అక్కడా కాదంటే హైకోర్టు. తిలక్‌కు వచ్చింది మూడో ప్రయత్నంలోనే. ఆడవాళ్లు, పిల్లలు, జబ్బుపడ్డవాళ్ల విషయంలో కోర్టు ప్రత్యేకంగా చూడవచ్చు. కేసును బట్టి 60 లేదా 90 రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయకపోతే బెయిల్ అడిగే హక్కు వస్తుంది. గడువు దాటిన వెంటనే అర్జీ పెట్టాలి, చార్జిషీటు పడ్డాక ఆ హక్కు పోతుంది. గంజాయి, ఉగ్రవాదం వంటి ప్రత్యేక చట్టాల కింద నియమాలు కఠినంగా ఉంటాయి, అక్కడ క్రిమినల్ కేసులు తెలిసిన వకీలు తప్పనిసరి.

వకీలుకు పైసలు లేవని చాలా కుటుంబాలు రోజులు పోగొట్టుకుంటాయి. ప్రతి జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. కస్టడీలో ఉన్న మనిషికి, ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయం ఎంతన్నది చూడకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఇంటివాళ్లు నేరుగా పోయి అర్జీ ఇవ్వవచ్చు. జైల్లో ఉన్నవాళ్లు జైలు అధికారి ద్వారా పంపవచ్చు. 15100 నంబర్‌కు దేశంలో ఎక్కడి నుంచైనా ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు. వకాలత్‌నామా మీద సంతకం పెట్టే ముందు అందులో ఏముందో చదివించుకోవాలి. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టొద్దు.

జామీను సంగతి. కోర్టు పదివేల పూచీకత్తు అంటే సాధారణంగా అది అక్కడికక్కడ కట్టే డబ్బు కాదు. మనిషి వాయిదాలకు రాకపోతే కట్టాల్సి వచ్చే మొత్తం. జామీను పడే మనిషిని ఆధార్, ఫొటోలు, ఇంటి పన్ను రశీదు లేదా పట్టా పాసుపుస్తకం లాంటివి అడుగుతారు, ముందే సిద్ధం చేసుకోవాలి. పరాయి రాష్ట్రంలో పనికి పోయి కేసులో ఇరుక్కున్న మనోళ్లకు అసలు కష్టం ఇక్కడే, అక్కడ జామీను పడేవాళ్లు ఎవరుంటారు? ఇదే కష్టం మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే మేస్త్రీకి వచ్చింది. పదివేల జామీను అడిగారు, అన్న వేరే జిల్లావాడని అతని జామీను ఒప్పుకోలేదు. 1978లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత ముచ్చలికా మీద వదలమంది. అట్లాంటి ఇబ్బంది వస్తే ఈ తీర్పును గుర్తు చేయమని, జామీను షరతు తగ్గించమని అర్జీ పెట్టమని వకీలును అడగాలి.

బెయిల్ వచ్చాక ప్రతి వాయిదాకూ పోవాలి. స్టేషన్లో సంతకం పెట్టాలన్నా, ఊరు దాటొద్దన్నా ఆ షరతు పాటించాలి. జబ్బు చేసి పోలేకపోతే ఆ రోజే వకీలు ద్వారా కోర్టుకు తెలపాలి. ఒక్క వాయిదా తప్పినా వారెంటు వస్తది, నమ్మి జామీను పడ్డ మనిషికీ నోటీసు పోతది. ధరమ్సీ లాంటివాళ్లు మన బంధువుల్లో, మన బస్తీలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు తర్వాతి ఇంటికీ జామీను పడాలంటే మనం వాయిదా తప్పకూడదు.